సిరివెళ్లామె పేరేమిటి?

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో నాలుగు తరాలు వెనక్కి వెళ్తే దాదాపు ప్రతి ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరు ఎదురవుతారు. జేజినాయన తల్లి. ఎత్తుగా ఉండేదని, కొర్రన్నం కమ్మగా వండేదని, కోడళ్లను అదుపులో పెట్టేదని చెబుతారు. పేరు అడిగితే మాత్రం కాసేపు తడుముకుని ‘సిరివెళ్లామె’ అంటారు. పక్కింట్లో ఆమె ‘గడివేములామె’, ఆ పక్కవీధిలో ‘అవుకామె’. పుట్టిన ఊరే మెట్టిన ఊళ్లో పేరయిపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమెతోపాటే మట్టిలో కలిసింది.

ఇప్పుడు ఆ పేరు కోసం వెతికేవాళ్లు పెరిగారు. హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరాన డాలసులో ఉన్న మనవళ్ల పిల్లలు వంశవృక్షం గీద్దామని కూర్చుంటారు. తాత దాకా సాఫీగా సాగుతుంది. ముత్తాత దగ్గర తడబడుతుంది. ఆయన భార్య దగ్గర ఆగిపోతుంది. అప్పుడు చాలామందికి తట్టే మొదటి ఆలోచన జనాభా లెక్కలు. ఇంగ్లండులో 1921 నాటి లెక్కల కాగితాలు వందేళ్లు నిండాక 2022 జనవరిలో జనానికి తెరిచారు. అమెరికాలో 72 ఏళ్ల గడువు ముగిసి 1950 నాటి కాగితాలు అదే ఏడాది ఏప్రిల్లో బయటికొచ్చాయి. ఇంటిల్లిపాది పేర్లు, వయసులు, పనులు, పుట్టిన చోట్లు వరసగా కనిపిస్తాయి. నంద్యాల తాలూకా కాగితాలు కూడా ఎక్కడో అక్కడ ఉండే ఉంటాయన్న ఆశ సహజమే.

అవి లేవు.

లెక్క జరగలేదని కాదు. బాగానే జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1851-52 నుంచి అయిదేళ్లకొకసారి కరణాల చేత తలలు లెక్కపెట్టించారు. జనం దాన్ని ఖానేషుమారీ అన్నారు. 1871లో డబ్ల్యు. ఆర్. కార్నిష్ ఆధ్వర్యంలో పెద్ద లెక్క జరిగింది. 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతటా ఒకేసారి లెక్క తీశారు. ముందే ఇళ్లకు నంబర్లు వేసి, వివరాలు రాసిపెట్టుకుని, ఆ రాత్రి మళ్లీ వచ్చి ఎవరున్నారో ఎవరు పోయారో సరిచూసుకున్నారు. అంటే నంద్యాలలో, సిరివెళ్లలో, కోయిలకుంట్లలో ప్రతి గడపలో ఒక్కొక్క మనిషి పేరూ కాగితం మీదికెక్కింది. మొత్తాలు తేలాక ఆ పేర్లతో సర్కారుకు పని లేకపోయింది. సంఖ్యలు అచ్చయ్యాయి, పేర్లున్న కాగితాలు ఉండలేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఇంకో తలుపు కూడా మూసింది. లెక్కల పుస్తకాలు చూసే హక్కు ఎవరికీ లేదు, సివిల్ కోర్టులో వాటిని సాక్ష్యంగానూ తీసుకోరు. పన్నుల కోసమో కేసుల కోసమో వాడతారని జనం భయపడి అబద్ధం చెప్పకుండా ఉండాలని పెట్టిన నియమం అది. మంచి నియమమే. వంశం వెతికేవాళ్లకు మాత్రం అది గోడ.

ఆ కాగితాలు మిగిలి ఉన్నా సిరివెళ్లామె దొరికేదా అన్నది అనుమానమే. తొలి లెక్కల్లో ఆడవాళ్ల పేరు చెప్పడానికి ఇంటివాళ్లు ఇష్టపడకపోతే బలవంతం చేయకుండా ‘స్త్రీ’ అని రాసుకునేవారు. స్వతంత్రం వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితా తయారవుతున్నప్పుడు ఉత్తరాదిన లక్షల మంది ఆడవాళ్లు ‘ఫలానావాడి భార్య’, ‘ఫలానావాడి తల్లి’ అని మాత్రమే నమోదయ్యారు. సొంత పేరు ఇవ్వనందుకు దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. పేరు లేకపోవడం వల్ల ఓటే పోయింది.

అలాగని అచ్చయిన సంఖ్యలు పనికిరానివి కావు. కర్నూలు జిల్లా విషయంలో అవి గుండె ఆగేలాంటి కథ చెబుతాయి. 1871కీ 1881కీ మధ్య జిల్లా జనాభా నూటికి 26 వంతు తగ్గింది. కారణం 1876-78 కరువు, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు కర్నూలును కొట్టినంతగా ఇంకే జిల్లానూ కొట్టలేదు. నాలుగిళ్లకు ఒక ఇల్లు ఖాళీ అయినట్టు లెక్క. కొందరు చచ్చిపోయారు, కొందరు కాలువ పనులకూ రోడ్డు పనులకూ పోయి అక్కడే ఉండిపోయారు, కొందరు సముద్రం దాటారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల వంశకథ ‘కరువులో ఎక్కడినుంచో వచ్చినారంట’ అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట కుటుంబపు మతిమరుపు కాదు. ఆ పదేళ్లలో జిల్లా నిజంగానే చెదిరిపోయింది.

కరువు ఇంకో సాయం కూడా చేస్తుంది, కాలం పట్టిస్తుంది. ‘మా అబ్బ ధాత కరువులో చంటిపిల్లోడు’ అన్న ఒక్క వాక్యం చాలు, 1875 ప్రాంతంలో పుట్టాడని తేలుతుంది. అయితే జాగ్రత్త పడాలి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లోనూ వచ్చింది, 1996లోనూ వచ్చింది. పాత పత్రంలో ‘నందన సంవత్సర మాఘ శుద్ధ దశమి’ అని ఉంటే అది 1833 మొదటి నెలలదా, 1893దా అన్నది పత్రంలోని మిగతా సంగతులను బట్టి తేల్చుకోవాలి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. 1286 ఫసలీ అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. ఈ కూడిక తెలియక 1286ని క్రీస్తుశకం అనుకుని తమ భూమి కాకతీయుల నాటిదని మురిసిపోయేవాళ్లూ ఉంటారు.

ఏ ఆఫీసులో వెతకాలన్నది మరో చిక్కు. ఇక్కడ మనుషులు కదలకపోయినా సరిహద్దులు కదిలాయి. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి ఇచ్చినప్పుడు కోయిలకుంట్ల కుంఫిణీ చేతిలోకి వచ్చి కడప జిల్లాలో చేరింది. నంద్యాల మాత్రం కర్నూలు నవాబు చేతిలోనే ఉండిపోయింది. నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను 1839లో గద్దె దించాకగానీ అది కుంఫిణీ పాలనకు రాలేదు. 1858లో కోయిలకుంట్ల, కంభం వంటి తాలూకాలను కలిపి కర్నూలు జిల్లా చేశారు. ఆళ్లగడ్డ సిరివెళ్ల తాలూకాలో ఉండేది. బనగానపల్లె 1948 దాకా వేరే సంస్థానం, వేరే నవాబు. అంటే 1900లో బనగానపల్లె పిల్లను నంద్యాలకు కోడలిగా తెచ్చుకుంటే ఆమె ఒక రాజ్యం దాటి వచ్చినట్టే. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల తానే జిల్లా అయింది. ఒకే కుటుంబం ఒకే ఇంట్లో ఉండి కూడా ఇన్ని చిరునామాల కింద నమోదయి ఉండవచ్చు. పాత ఇంగ్లిషు కాగితాల్లో నంద్యాల ‘నండియాల్’గానో ‘నుండియాల్’గానో కనిపిస్తుంది. కడప ‘కడ్డపా’ అవుతుంది. ఈ రాతలు తెలియకపోతే ఊరు కళ్లముందున్నా గుర్తుపట్టలేరు.

పేర్లలోనూ ఒక చుట్టు ఉంది. ఈ నేల మీద పిల్లల పేర్లు చుట్టూ ఉన్న దేవుళ్ల దగ్గరినుంచి వచ్చాయి. అహోబిలం వల్ల ఓబులేసులు, ఓబుల్‌రెడ్లు, ఓబులమ్మలు, నరసింహులు. మహానంది వల్ల మహానందయ్యలు. బేతంచెర్ల దగ్గరి మద్దిలేటిస్వామి వల్ల మద్దిలేటిలు. పీర్ల మీది నమ్మకం వల్ల హిందువుల ఇళ్లల్లోనూ హుస్సేనప్పలు, హుస్సేనమ్మలు, దస్తగిరమ్మలు, పకీరప్పలు. పేరు చూసి మతం చెప్పేద్దామంటే రాయలసీమలో కుదరదు. దానికితోడు తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు ఉంటారు. మేనరికాల వల్ల అత్త కూతురు భార్య అవుతుంది, మేనమామ మామగారవుతాడు. వంశవృక్షం కొమ్మలు విడివిడిగా పైకి పోకుండా ఒకదానిలోకి ఒకటి ముడిపడతాయి. నాలుగు తరాల కిందటి పదహారు మంది పూర్వీకులను వెతకబోతే చాలా ఇళ్లల్లో పదిమందే తేలతారు. ఆ పదిమందే రెండు వైపులా కనిపిస్తారు.

రాతలో నిలిచినవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. అధికారమో ఆస్తో ఉన్నవాళ్లు. పదహారో శతాబ్దంలో నంద్యాల కృష్ణరాజుకు పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చాడు. కావ్యం మొదట్లో కృతిపతి వంశం వర్ణించడం ఆనవాయితీ కాబట్టి నంద్యాల ప్రభువుల పూర్వీకులు పద్యాల్లో పదిలంగా ఉన్నారు. ఆ రాజు కోటలో బండలు మోసినవాళ్ల వంశం ఏ అవతారికలోనూ లేదు.

రాతకు రెండో పెద్ద కారణం డబ్బు. దత్తమండలాల్లో థామస్ మన్రో పాలెగాళ్లను అణచివేశాక కొందరికి నెలనెలా తవర్జీలు, అంటే భరణాలు, ఏర్పాటయ్యాయి. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి వాటా ఎంత, ఎవరు పోతే ఎవరికి చెందాలి అన్నది కుంఫిణీ దఫ్తరంలో పైసలతో సహా రాసిపెట్టుకున్నారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ ఎనిమిది పైసల దాకా పోయిన భాగహారంలో ఒక కుటుంబం ఎన్ని పాయలుగా చీలిందో కనిపిస్తుంది. వారసత్వపు హక్కులు ఒకటొకటిగా రద్దవుతూ వచ్చిన అవమానం ఆయన నడిపిన 1846 తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఇక్కడ వంశావళి పుస్తకాల్లోని విషయంగా ఆగిపోలేదు, ప్రాణం మీదికి వచ్చింది.

మామూలు రైతుకు మిగిలినవి భూమి కాగితాలు. ఇనాము ఉంటే 1858 తరువాత ఇనాం కమిషన్ రాసిన రిజిస్టర్లలో ఆ ఇనాము ఎవరు ఎవరికిచ్చారో, అనుభవదారు పేరేమిటో ఉంటుంది. తరువాతి రీసర్వే, సెటిల్మెంటు రిజిస్టరును మన ఆఫీసుల్లో డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు తెలిస్తే పట్టాదారు పేరు పట్టుకోవచ్చు. ఇక పుట్టుకలు, చావులు రాసింది ఊరి కరణం, మునసబు. వాళ్ల జనన మరణ రిజిస్టర్లో ‘ఓబులేసు భార్యకు ఆడపిల్ల’ అన్నంత వరకే ఉన్న రోజులు చాలా ఉన్నాయి. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కరణం ఇంటి అటక మీద, భోషాణంలో ఉన్న కవిలెలు కొన్ని తాలూకాఫీసుకు చేరాయి, కొన్ని చేరలేదు. చెదలు తిన్నవి తిన్నాయి. ఆ వ్యవస్థ అన్యాయాల గురించి చెప్పాల్సింది చాలా ఉంది. పేరు వెతికేవాడికి మాత్రం ఆ సంవత్సరం ఒక అగాధం.

భూమి మీద పేరు మగవాడిది. తవర్జీ మీద పేరు మగవాడిది. సిరివెళ్లామె ఎక్కడుంది మరి? ఆమె కనీసం ఒకరోజు నలుగురి కళ్లముందు నిలబడింది. ఆమె పెళ్లి రోజు. ఆ రోజు రెండు కుటుంబాలు తాము ఎవరో, ఎక్కడివాళ్లో పైకి చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ ప్రాంతంలో వెతకవలసింది ఆ రోజునే.

అందులో కాగితం పక్కాగా దొరికేది క్రైస్తవ కుటుంబాల్లో. ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ 1840ల్లో కడపలో పని మొదలుపెట్టి, 1850ల్లో ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడుకు వచ్చింది. జాన్ క్లే దొర అక్కడ ఏళ్ల తరబడి ఉన్నాడు. మాలపల్లెలు కదిలి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాయి. 1880ల్లో నంద్యాలలో ఉపదేశకుల శిక్షణ కళాశాల వచ్చింది. ఊరి కరణం లెక్కల్లో ‘మాలోళ్లు, ఇన్ని గుడిసెలు’గా మాత్రమే ఉన్న మనుషులు ఆ చర్చి రిజిస్టర్లలో మొదటిసారి ఒక్కొక్కరుగా, పేరుతో, తేదీతో నిలబడ్డారు. 1872 భారతీయ క్రైస్తవ వివాహ చట్టం నమూనా ప్రకారం గడులు ఉండేవి: పెళ్లి తేదీ, ఇద్దరి పేర్లు, వయసు, ఇంతకుముందు పెళ్లయిందా లేదా, వృత్తి, కాపురముండే చోటు, తండ్రి పేరు, చేవ్రాలు, సాక్షుల చేవ్రాలు. తల్లి పేరుకు గడి లేదు. అయినా పెళ్లికూతురి పేరుకు ఒక గడి ఉంది, ఆమె చేవ్రాలు కోసం ఇంకో గడి ఉంది. చదువు రానివాళ్లు అక్కడ గుర్తు పెట్టారు. భూమి లేని, పట్టా లేని, పద్యం లేని ఒక పల్లె ఆడమనిషి తన చేత్తో పెట్టిన గీత నూటపాతికేళ్ల తరువాత కూడా కాగితం మీద ఉండగలగడం చిన్న సంగతి కాదు. నంద్యాల సీమలో ఒక విచిత్రం జరిగింది. మూడు తరాల కిందట అందరికంటే కింద ఉంచబడ్డవాళ్ల మనవళ్లకు, ఊళ్లోని పెద్దకులాల వాళ్లకంటే స్పష్టమైన వివాహపత్రాలు ఉన్నాయి.

అక్కడా మలుపులున్నాయి. బాప్తిస్మంతో పేరు మారుతుంది. ముందు పేరు ఒకటి, తరువాత పేరు ఒకటి. బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని చదవకపోతే ఒకే మనిషి ఇద్దరుగా తేలతాడు. 1947లో దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో వేలమంది అందులో చేరకుండా విడిగా ఉండిపోయి, 1975లో కలిశారు. కాబట్టి ఒకే ఇంటి అన్నదమ్ముల పెళ్లిళ్లు వేర్వేరు సంఘాల పుస్తకాల్లో ఉండే అవకాశం ఉంది. ప్రెసిడెన్సీలోని చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు పంపేవారు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ దొరలవి, ఆంగ్లో ఇండియన్లవి. మిషనరీలు తమ సంఘానికి రాసుకున్న నివేదికలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. ముత్యాలపాడు గురించి చదవాలంటే ఒక్కోసారి ఆక్స్‌ఫర్డ్ దాకా పోవాల్సి రావడం ఈ నేల చరిత్రలో ఒక భాగమే.

ముస్లిం కుటుంబాలకు నిఖానామా ఉంది. ఖాజీ పుస్తకంలో వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, వకీలు, సాక్షులు, మెహర్ మొత్తం రాస్తారు. 1880 ఖాజీల చట్టం మొదట అమలైంది మద్రాసు ప్రెసిడెన్సీలోనే. నంద్యాల, బనగానపల్లె లాంటి చోట్ల ఖాజీ పదవి తండ్రి తరువాత కొడుకుకు వచ్చిన ఇళ్లల్లో పాత పుస్తకాలు దొరికే ఆస్కారం ఉంది. లిపి ఉర్దూ, భాషలో పారసీ పాలు ఎక్కువ. చదివిపెట్టే పెద్దమనిషి ఒకరు తోడుండాలి.

హిందువుల పెళ్లికి సర్కారు కాగితం ఈమధ్యే వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం నమోదుకు వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. అంతకుముందు పెళ్లికి సాక్ష్యం అగ్ని, అరుంధతి, ఊరు. కానీ కాగితం లేదన్నంత మాత్రాన లెక్క లేదని కాదు. వైదిక పద్ధతిలో జరిగే పెళ్లిలో కన్యాదానం వేళ ప్రవర చెబుతారు. ఫలానా గోత్రంలో ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అని మూడు తరాల పేర్లు గట్టిగా చదువుతారు. పెళ్లికూతురికీ అంతే. వీడియో క్యాసెట్లు వచ్చిన రోజుల నుంచి ఈ ప్రవరలు చాలా ఇళ్లల్లో రికార్డయి ఉన్నాయి. 1990లో పెళ్లయిన మనిషి క్యాసెట్టులో పురోహితుడి గొంతు జాగ్రత్తగా వింటే 1880 ప్రాంతంలో పుట్టిన మనిషి పేరు వినిపిస్తుంది. తద్దినాల్లో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు కూడా పేరుతో పిలవబడతారు. ఆడవాళ్లను వరసగా మూడు తరాలు పేరుపెట్టి తలుచుకునే తావు ఇది. తద్దినాలు లేని ఇళ్లల్లో పెద్దలకు బట్టలు పెట్టుకుని మొక్కే పండగ ఉంది. ఆ పూట ముసలివాళ్ల పక్కన కూర్చుని, ఏ చీర ఎవరికోసం అని అడగాలి.

వీటన్నిటికంటే విలువైన పుస్తకం ఒకటుంది. దాన్ని ఎవరూ చరిత్ర అనుకోరు. చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఒకరు కూర్చుని ఎవరెంత చదివించారో గట్టిగా చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే తిరిగి అంతో ఇంతో ఎక్కువో పెట్టాలి కాబట్టి ఆ పుస్తకాన్ని పారేయరు. బీరువాలో పట్టుచీరల కింద, ఇనప్పెట్టెలో పట్టాల పక్కన ఉంటుంది. ఊరు, పేరు, వరస, మొత్తం. ‘గోస్పాడు మేనత్త, రెండు రూపాయలు’, ‘రుద్రవరం చిన్నాయన, ఒక చెంబు’. చుట్టరికం ఎంత దూరందో వరస చెబుతుంది, ఎంత దగ్గరగా మెలిగారో మొత్తం చెబుతుంది. ఒక పెళ్లిలో పెద్ద మొత్తం చదివించిన ఊరు తరువాతి పెళ్లిలో కనిపించకపోతే ఆ రెండు ఇళ్ల మధ్య ఏదో జరిగింది. సర్కారు వేసిన ఏ పట్టికా చెప్పలేని సంగతి అది. పాత బౌండు పుస్తకాలు నూనె మరకలతో, పసుపు వేలిముద్రలతో ఇంకా మిగిలే ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు వాటిని చిత్తుకాగితాలకు వేసేస్తున్నారు. అది చూస్తే ప్రాణం విలవిలలాడుతుంది.

పెళ్లి ఏ ఏడాది జరిగిందో తెలియకపోతే ఒక గీటురాయి ఉంది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆలోపే చేసేద్దామని దేశమంతటా చిన్నపిల్లల పెళ్లిళ్లు గుంపులు గుంపులుగా జరిగాయి. 1931 జనాభా లెక్కల్లో పెళ్లయిన పిల్లల సంఖ్య ఎగబాకింది. ‘మా అవ్వకు శారదా చట్టం వస్తుందని తొందరగా చేసేసినారు’ అని ఏ ఇంట్లోనైనా అంటే, పెళ్లి తేదీ ఆరునెలల వ్యవధిలోకి వచ్చేసినట్టే. పేర్లు దాచిన జనాభా లెక్క ఇక్కడ పెళ్లి జ్ఞాపకానికి సాక్షిగా నిలబడుతుంది.

రాసుకోని వంశాలను గుర్తుపెట్టుకునే వృత్తి ఒకటి ఈ సీమలో ఉండేది. పిచ్చిగుంట్లవాళ్లు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజులు అని కూడా రాస్తారు. రెడ్ల, కాపుల ఇళ్లకు వచ్చి ఇంటిపేరు, గోత్రం, మూలపురుషుడు, వలస వచ్చిన దారి పాటగా చెప్పి దానం పట్టుకుపోయేవాళ్లు. తమ మూలపురుషుడు కాళ్లు లేని తమ్ముడని, అన్నలందరూ కలిసి తమ వంశం చెప్పుకుని బతకమని అతనికి హక్కు ఇచ్చారని వాళ్ల కథ. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద వేసిన సంపుటాల్లో వీళ్ల గురించి రాశాడు. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు ఇలాగే ఉన్నారు. అంటే చదువుకోనివ్వని కులాలు కూడా తమ చరిత్రను చెప్పేవాళ్లను పోషించుకున్నాయి. వాళ్లు చెప్పేదంతా అక్షరాలా నిజమని తీసుకోనక్కర్లేదు, దాత మనసు సంతోషపెట్టే పాళ్లు ఉంటాయి. కానీ ఏ ఊరినుంచి ఏ ఊరికి వచ్చారన్న వరస చాలాసార్లు ఇంటిపేరుతో సరిపోతుంది. ‘నంద్యాల’ ఇంటిపేరున్న కుటుంబాలు నంద్యాల బయటే ఎక్కువగా ఉండటం చూస్తే ఇది అర్థమవుతుంది. ఊరు విడిచి పోయినవాడికే ఊరు ఇంటిపేరవుతుంది.

పెళ్లితో చుట్టరికాన్ని గుర్తుపెట్టుకోవడం ఇక్కడి దేవుడికీ అలవాటే. అహోబిలంలో సంక్రాంతి వెళ్లిన మరునాడు పార్వేట మొదలవుతుంది. స్వామి పల్లకి ముప్పైకి పైగా ఊళ్లు నెలన్నర దాకా తిరుగుతుంది. తన కల్యాణానికి రమ్మని తానే స్వయంగా ఇల్లిల్లూ పిలవడానికి వస్తాడని జనం నమ్మకం. పల్లకి దిగే అరుగుల్ని తెలుపులంటారు. చెంచులక్ష్మిని పెళ్లాడినందుకు చెంచులు ఆయన్ను తమ ఇంటి అల్లుడిగా చూసుకుంటారు. ఏ ఊరి తరువాత ఏ ఊరు అన్న వరస కాగితం మీద కంటే కాళ్లలో భద్రంగా ఉంది. చుట్టాలు దగ్గరికొచ్చే ఈ రోజుల్లో నలుగురు ముసలివాళ్లు ఒకచోట కూర్చుంటారు. పేర్లు వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

సముద్రం దాటినవాళ్ల సంగతి మరో రకం. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా నెటాల్‌కు కూలీలు పోతూ వచ్చారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ రాశారు. ఊళ్లో ఉండిపోయిన అక్క పేరు ఏ కాగితంలోనూ లేదు, ఓడెక్కిన చెల్లెలి పేరు, ఆమె మోచేతి మీది మచ్చతో సహా ఉంది. నెటాల్‌లో 1891 చట్టం కూలీల పెళ్లిళ్లను, వాళ్ల వ్యవహారాలు చూసే ప్రొటెక్టర్ అనే అధికారి దగ్గర నమోదు చేయించింది. కాగితం విలువ 1913 మార్చిలో అందరికీ నొప్పిగా తెలిసొచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లిళ్లు చెల్లవని కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ తీర్పిచ్చాడు. ఒక్క మాటతో వేలమంది ఇల్లాళ్లు చట్టం కంటికి భార్యలు కాకుండాపోయారు. గాంధీ సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగి జైళ్లకు పోయింది అప్పుడే. మరుసటి ఏడాది చట్టం మార్చాల్సి వచ్చింది. ఈ రోజు దక్షిణాఫ్రికా నుంచి, మారిషస్ నుంచి ముత్తాత ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ల చేతిలో ఉండేది ఆనాటి ఓడ కాగితమే. వాళ్లకు పేరు తెలుసు, ఊరు గుర్తుపట్టడం కష్టం. ఇక్కడున్న మనవళ్లకు ఊరు తెలుసు, పేరు తెలియదు.

మళ్లీ లెక్కలు రాబోతున్నాయి. 2027 జనాభా లెక్కల్లో కులం కూడా అడుగుతామని కేంద్రం ప్రకటించింది. ఆ పేర్లూ ఎవరికీ చూపరు. పుట్టిన ఊరు ఏదన్న ప్రశ్న మాత్రం ఈ లెక్కల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మనదేశంలో ఆడవాళ్లు ఊరు మారడానికి అతి పెద్ద కారణం పెళ్లే అని ఆ లెక్కల్లోని జవాబులే తేల్చాయి. సిరివెళ్లామెల గుంపు మొత్తం ఆ సంఖ్యలో ఉంది.

మరి ఆమె పేరు? వెతికేవాళ్లు ఆమె అత్తగారి ఊళ్లో ఆగిపోతారు, ఎందుకంటే భూమి అక్కడుంది, రిజిస్టరు అక్కడుంది. మెట్టిన ఊళ్లో ఆమె కోడలు, ఆమె, ఆయమ్మ. పుట్టిన ఊళ్లో మాత్రం ఆమెకు పేరుంది. అక్కడ అన్నదమ్ముల మనవరాళ్లలో ఎవరికో ఒకరికి ఆ పేరు పెట్టి ఉంటారు. ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కితే సిరివెళ్ల దారిలోనే వస్తుంది. దిగి, ఆ ఇంటిపేరు చెప్పి, వాళ్లింటి ఆడపిల్లను వందేళ్ల కిందట ఆళ్లగడ్డ వైపు ఇచ్చినారా అని అడిగితే చాలు. అరుగు మీద ముసలామె ఒకరు ‘ఏ ఊరికి, ఎవరింటికి?’ అని ఎదురు అడుగుతుంది. అప్పుడు మన ఇంటిపేరు చెప్పాలి.